4కె డిస్కు ఇంకెంతకాలం? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పెద్ద తెరల టీవీల గురించి రాసిన తరువాత విశాఖపట్నం నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే గురించే, అంటే వాడుకలో 4కె డిస్కు అంటున్న దాని భవిష్యత్తు గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయించాము. ఒకే విధమైన ప్రశ్నలను కలిపి, పొడుగైన ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో కొత్తగా 65 అంగుళాల 4కె టీవీ కొన్నాము. ఇష్టమైన సినిమాలను డిస్కుల మీద సేకరించుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. కానీ ప్లేయర్లు తయారుచేసే సంస్థలు ఒక్కొక్కటే మానుకుంటున్నాయనీ, సోనీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసిందనీ చదివాను. ఈ దశలో సేకరణ మొదలుపెట్టడం వివేకమేనా? (ఒక పాఠకుడు, సీతమ్మధార)

జవాబు: మీరు చదివిన వార్తల్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి కనుక ముందుగా వాటిని విడదీయాలి. సోనీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని, అంటే మనం ఇంట్లోనో స్టూడియోలోనో స్వయంగా రికార్డు చేసుకునే డిస్కులను. సినిమాతో వచ్చే డిస్కు వేరు. అది కర్మాగారంలో అచ్చు మీద ఒత్తి తయారయ్యేది. దానిలో లేజరుతో కాల్చే రికార్డింగు పొర ఉండదు. ఆ తయారీ కొనసాగుతూనే ఉంది.

ప్లేయర్ల విషయంలో మాత్రం మీ ఆందోళనకు గట్టి ఆధారమే ఉంది. ఒప్పో 2018లోను, శామ్‌సంగ్ 2019లోను ఈ రంగం నుంచి తప్పుకున్నాయి. 2024 చివర ఎల్‌జీ కూడా తన ప్లేయర్లను నిలిపివేసింది. పెద్ద సంస్థల్లో ఇక చెప్పుకోదగినవి పానసోనిక్, సోనీ మాత్రమే; వాటికి తోడు మాగ్నెటార్ వంటి ఒకటి రెండు చిన్న సంస్థలు ఖరీదైన యంత్రాలు చేస్తున్నాయి. అమ్మకాలు ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి దిగాయో చూస్తే ఈ నిష్క్రమణలకు కారణం తెలుస్తుంది. అమెరికాలో 2005 ప్రాంతంలో ఒక్క డీవీడీల అమ్మకమే ఏడాదికి 1,600 కోట్ల డాలర్లు దాటగా, 2024లో అన్ని రకాల సినిమా డిస్కులూ కలిపి 100 కోట్ల డాలర్ల లోపే ఉన్నాయి. అక్కడి పెద్ద దుకాణాల గొలుసు బెస్ట్ బై 2024 నుంచి డిస్కులు అమ్మడమే మానేసింది. మన దేశంలో ఈ పతనం ఇంకా ముందే జరిగిపోయింది. 2007 ప్రాంతంలో వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి మధ్యతరగతి ఇళ్లలో సినిమాల వరుసలు పేర్చిన మోజర్ బేర్ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది.

అయినా మీ ప్రశ్నకు మా జవాబు, మొదలుపెట్టమనే. దీనికి కారణాలున్నాయి. 4కె డిస్కు ప్రమాణాన్ని బ్లూ-రే డిస్క్ అసోసియేషన్ 2015లో ఖరారు చేసింది, 2016లో డిస్కులు మార్కెట్లోకి వచ్చాయి. ఆనాటి డిస్కు నేటి ప్లేయరులోను, నేటి డిస్కు ఆనాటి ప్లేయరులోను ఆడుతుంది. దీనిని పక్కకు నెట్టే కొత్త డిస్కు ప్రమాణమేదీ రాలేదు, రాబోతున్న సూచనలూ లేవు. పైగా మామూలు బ్లూ-రేకు, డీవీడీకి ఉన్న ప్రాంతాల అడ్డుగోడ దీనికి లేదు. మామూలు బ్లూ-రేలో మన దేశం సి ప్రాంతం, డీవీడీలో 5వ ప్రాంతం. కాబట్టి అమెరికాలో కొన్న డిస్కు ఇక్కడ తిరస్కరణకు గురయ్యేది. 4కె డిస్కును న్యూయార్క్‌లో కొన్నా, టోక్యోలో కొన్నా సీతమ్మధారలో ఆడుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలో, బంధువులో సెలవులకు వచ్చేటప్పుడు తెచ్చిపెట్టగలిగిన వస్తువు ఇది.

మరో ఆధారం ఆటల యంత్రాలు. ప్లేస్టేషన్ 5 ఆటలు వచ్చే డిస్కు కూడా 100 జీబీ వరకు పట్టే ఇదే జాతి డిస్కు. దానిని చదివే 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరు, మూడు పొరల డిస్కులను ఒత్తే యంత్రాలు సినిమాలకూ ఆటలకూ ఉమ్మడివే. సినిమా ప్రియులు ఎంత తగ్గినా, ఆటల డిస్కులు అమ్ముడవుతున్నంత కాలం ఈ తయారీ వ్యవస్థ నిలబడుతుంది. అయితే 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోకు డిస్కు డ్రైవును విడిగా కొనుక్కోవలసి రావడం గమనించదగిన సంకేతం. రేపటి ఆటల యంత్రంలో డ్రైవు అసలే లేకపోతే, ఆ రోజు నుంచి ప్లేయర్ల ధరలు పెరుగుతాయని మా అంచనా. అందుకే డిస్కుల కన్నా ముందు మంచి ప్లేయరు ఒకటి ఇప్పుడే కొనిపెట్టుకోండి. డిస్కుల విషయంలో మాత్రం తొందర వద్దు. మళ్లీ మళ్లీ చూస్తామని మీకు నమ్మకమున్న సినిమాలనే కొనండి.

ప్రశ్న: మా అపార్టుమెంటుకు 200 మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ ఉంది. ఓటీటీలో 4కె, వెలుగునీడలను మెరుగుపరిచే డాల్బీ విజన్ అన్నీ వస్తున్నాయి. గూగుల్ డేటా కేంద్రం కూడా మన ఊరికే వస్తోంది. అటువంటప్పుడు డిస్కులో ఉన్న అదనపు నాణ్యత ఏమిటి? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ)

జవాబు: గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్ల ద్వారాన్ని నెలకొల్పుతామని ప్రకటించిన మాట నిజమే. నగరానికి అది పెద్ద విషయం. కాని మీ తెర మీద పడే బొమ్మ నాణ్యతను నిర్ణయించేది మీ ఇంటికి వచ్చే గొట్టం వెడల్పు కాదు, ఓటీటీ సంస్థ ఆ గొట్టంలోకి ఎంత వదలుతుందన్నది. మీ కనెక్షను 200 మెగాబిట్లయినా, 1,000 మెగాబిట్లయినా, 4కె సినిమాకు చాలా సేవలు సెకనుకు సుమారు 15 నుంచి 25 మెగాబిట్లే పంపుతాయి. 4కె కోసం నెట్‌ఫ్లిక్స్ తన చందాదారులకు సూచించే కనెక్షను వేగం కూడా 15 మెగాబిట్లే. డిస్కులో ఈ ప్రవాహం గరిష్ఠంగా 128 మెగాబిట్ల వరకు వెళ్లవచ్చు. సగటున 50 నుంచి 80 మధ్య ఉండే సినిమాలు చాలా ఉన్నాయి.

లెక్క వేసి చూద్దాం. 4కె చిత్రంలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం సుమారు 83 లక్షల బిందువులు. సెకనుకు 24 చిత్రాలు, పది బిట్ల రంగుతో, రంగుల వివరాన్ని వెలుగు వివరం కన్నా తగ్గించి ఉంచే డిస్కు పద్ధతిలో, మరే కుదింపూ లేకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 3,000 మెగాబిట్లు కావాలి. సగటున 60 మెగాబిట్లున్న డిస్కు దానిని 50వ వంతుకు కుదిస్తుంది. 15 మెగాబిట్ల స్ట్రీమింగ్ 200వ వంతుకు కుదిస్తుంది. రెండు గంటల సినిమా డిస్కు మీద 54 జీబీ అయితే, స్ట్రీమింగులో 13.5 జీబీ. రెంటిలోనూ హెచ్.265 లాంటి సమర్థమైన కుదింపు పద్ధతులే వాడుతున్నారు గనుక ఈ నాలుగు రెట్ల తేడాను సాఫ్ట్‌వేరు పూర్తిగా పూడ్చలేదు.

ఈ తేడా అన్ని దృశ్యాల్లోనూ కనబడదని నిజాయితీగా చెప్పాలి. పగటి వెలుగులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సన్నివేశాన్ని రెంటిలో చూపితే చాలామంది గుర్తుపట్టలేరు. గుర్తుపట్టేది కష్టమైన చోట్ల: పొగమంచు, వర్షం, సముద్రపు నురగ, చీకటిగదిలో దీపం చుట్టూ క్రమంగా మసకబారే వెలుగు. ఆ వెలుగు స్ట్రీమింగులో మెట్లు మెట్లుగా విరిగి చారలుగా కనబడుతుంది. ఫిల్ముపై తీసిన పాత సినిమాల్లో ఇది మరీ ఎక్కువ. ఫిల్ము మీది రేణువులు ఏ ఫ్రేములో ఎక్కడ ఉంటాయో ముందుగా ఊహించే వీలులేదు కాబట్టి కుదింపు యంత్రానికి అవి మోయలేని బరువు. తక్కువ బిట్లున్నప్పుడు అది ఆ రేణువులను చెరిపేస్తుంది, దానితోపాటు చర్మం మీది సూక్ష్మమైన గీతలూ చెరిగిపోయి ముఖాలు మైనపుబొమ్మల్లా తయారవుతాయి. ఏవీ1 అనే కొత్త పద్ధతిలో అసలు రేణువులను ముందే తీసివేసి, టీవీకి చేరిన తరువాత కృత్రిమ రేణువులను చల్లే ఏర్పాటు ఉంది. తెలివైన ఏర్పాటే, కాని ఛాయాగ్రాహకుడు నిర్ణయించిన రేణువులు అవి కావు.

శబ్దంలో తేడా ఇంకా తేలికగా తెలుస్తుంది, ఉత్తరాల్లో మాత్రం దీని గురించి ఎవరూ అడగలేదు. డిస్కు మీద డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనుంచీ శబ్దం వినిపించే పద్ధతి) ఏ నష్టమూ లేని ట్రూహెచ్‌డీ రూపంలో, సెకనుకు అనేక మెగాబిట్లతో వస్తుంది. ఓటీటీలో అదే అట్మాస్ నష్టంతో కూడిన రూపంలో, నెట్‌ఫ్లిక్స్‌లో గరిష్ఠంగా 768 కిలోబిట్లతో వస్తుంది. టీవీ స్పీకర్ల మీద వినేవారికి ఈ తేడా అందదు. మంచి రిసీవరు, నాలుగైదు స్పీకర్లు ఉన్న గదిలో మాత్రం నిశ్శబ్దం నుంచి ఒక్కసారిగా లేచే శబ్దం, దూరంగా వినిపించే చిన్న శబ్దాల స్పష్టత మీ చెవికి వెంటనే తెలుస్తాయి. 43 అంగుళాల టీవీ, దాని సొంత స్పీకర్లు ఉన్న ఇంట్లో డిస్కు కోసం డబ్బు ఖర్చు పెట్టమని మేము చెప్పము.

ప్రశ్న: 8కె టీవీలు వచ్చి చాలా కాలమైంది. 8కె డిస్కులు వచ్చేవరకు ఆగడం మంచిదా? (ఉక్కు కర్మాగారం విశ్రాంత ఉద్యోగి, ఉక్కునగరం)

జవాబు: ఆగవద్దు. సినిమాల కోసం 8కె డిస్కు ప్రమాణం లేదు. జపాన్‌లో అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబరు 1న 8కె ప్రసారాలు ప్రారంభించింది. ఇళ్లకు 8కె చేరింది ప్రధానంగా ఆ దారినే. 8కె డిస్కు రాకపోవడానికి సాంకేతిక అడ్డంకి పెద్దగా లేదు. 2020లో ఖరారైన హెచ్.266 పద్ధతి హెచ్.265 కన్నా దాదాపు సగం బిట్లతోనే పని జరుపుతుంది గనుక, 100 జీబీ డిస్కులో 8కె సినిమాను ఎలాగో ఒకలా ఇమడ్చవచ్చు. లేనిది అవసరం.

మనిషి కంటి సామర్థ్యంతోనే దీనిని లెక్క కట్టవచ్చు. మామూలు దృష్టి ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు బిందువులను విడివిడిగా చూడగలదు. ఆ లెక్కన 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ బిందువులు సుమారు 7 అడుగుల దూరం దాటితే విడిగా కనబడవు. 4కె బిందువులు మూడున్నర అడుగులు దాటితే కనబడవు. 8కె బిందువులను చూడాలంటే రెండడుగుల లోపు కూర్చోవాలి. ఇంట్లో సోఫా సాధారణంగా టీవీకి ఎనిమిది పది అడుగుల దూరంలో ఉంటుంది. ఆ దూరంలో ఫుల్ హెచ్‌డీకి, 4కెకు మధ్య బిందువుల తేడాయే స్వల్పం. దృష్టి మామూలు కన్నా చురుకుగా ఉన్నవారు కొంచెం దూరం నుంచీ చూడగలరు, కాని లెక్క స్వరూపం మారదు.

అయితే 4కె డిస్కు అంత దూరం నుంచి కూడా మెరుగ్గా ఎందుకు కనబడుతుందని మీరు అడగవచ్చు. ఆ మెరుగుదలలో అధికభాగం బిందువుల వల్ల వచ్చింది కాదు, వెలుగునీడల పరిధిని పెంచే హెచ్‌డీఆర్ వల్ల వచ్చింది. పాత డీవీడీ, బ్లూ-రే చిత్రాలను 100 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) వెలుగు ఆధారంగా తీర్చిదిద్దేవారు. 4కె డిస్కు కోసం సినిమాలను 1,000 నిట్లకు, కొన్నింటిని 4,000 నిట్లకు తీర్చిదిద్దుతున్నారు. ఒక్కో రంగుకు 256 మెట్ల స్థానంలో 1,024 మెట్లు ఉంటాయి. గుడిలో దీపారాధన దృశ్యంలో మంట నిజంగా వెలుగుతున్నట్లు, వెనుక నీడలో ఉన్న ముఖం కూడా కనబడేటట్లు చేసేది ఈ గుణమే, దీనికి దూరంతో పనిలేదు. కనుక టీవీ కొనేటప్పుడు 8కె అన్న అక్షరానికి ఇచ్చే డబ్బును తెర వెలుగుకు, నలుపు లోతుకు పెట్టండి.

ప్రశ్న: విడిగా ప్లేయరు కొనకుండా ఆటల యంత్రంలోనో, కంప్యూటరులోనో 4కె డిస్కు చూడవచ్చా? (ఒక విద్యార్థి, గాజువాక)

జవాబు: డిస్కు డ్రైవున్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ చూపుతాయి. ప్లేస్టేషన్ 4 ప్రో చూపదు. ప్లేస్టేషన్ 5 డిస్కుల మీది డాల్బీ విజన్‌ను అందించదు, మామూలు రకం హెచ్‌డీఆర్ అయిన హెచ్‌డీఆర్10 మాత్రమే ఇస్తుంది. కంప్యూటరు దారి దాదాపు మూసుకుపోయింది. అధికారిక సాఫ్ట్‌వేరుకు ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే రక్షణ ఏర్పాటు తప్పనిసరి. 2021 తరువాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ దానిని తొలగించింది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంది. ఇనుప కిటికీలే తుప్పు పట్టిపోతుంటాయి. డిస్కులు ఈ గాలికి ఎంతకాలం ఆగుతాయి? పాత సీడీల మీద బూజు పట్టడం చూశాము. (ఒక గృహిణి, భీమిలి)

జవాబు: మీ భయం సరైనదే. డిస్కులను నాలుగు నుంచి ఇరవై డిగ్రీల వేడిలో, 20 నుంచి 50 శాతం తేమలో దాచాలని భాండాగారాల నిపుణులు చెబుతారు. మన తీరంలో ఏడాది పొడవునా తేమ దానికి పైనే ఉంటుంది, ఏసీ లేకుండా ఆ వేడినీ అందుకోలేము. కాబట్టి భాండాగారాన్ని కాకుండా, సాధ్యమైనంత నష్టం తగ్గించడాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి.

ఒక విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. సీడీలో సమాచారం ఉన్న లోహపు పొర పైనున్న లేబులు కిందనే, పలుచని లక్క చాటున ఉంటుంది. లేబులు గీసుకుపోతే డిస్కే పోయినట్టు. బ్లూ-రేలో ఆ పొర అడుగువైపు 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది, దాని మీద గట్టి పూత ఉంటుంది. మామూలు గీతలను అది బాగా తట్టుకుంటుంది. కాని పొర అంత పైన ఉన్నందువల్లనే, వేలిముద్ర, దుమ్ము, బూజు లేజరుకు ఎక్కువ అడ్డం వస్తాయి. 66 జీబీ డిస్కులో రెండు, 100 జీబీ డిస్కులో మూడు పొరలు ఉంటాయి, ఒక్కొక్క దానిలో 33 జీబీ ఇరికించారు. మామూలు బ్లూ-రే పొరలో 25 జీబీ మాత్రమే. సినిమా మధ్యలో బొమ్మ నిలిచిపోతే చాలామంది డిస్కు చెడిపోయిందనుకుంటారు. తుడిస్తే సరిపోయే సందర్భాలే ఎక్కువ. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. చుట్టూ తిప్పుతూ తుడిస్తే ఏర్పడే గీత లేజరు నడిచే దారి వెంట పడి ఎక్కువ చెరుపు చేస్తుంది.

బీరువాను సముద్రం వైపు గోడకు ఆనించవద్దు. డిస్కులను వాటి పెట్టెల్లోనే నిలువుగా ఉంచి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, వానాకాలంలో ఆ పొట్లాలను మార్చండి. బట్టల బీరువాలో వేసే కలరా ఉండలను మాత్రం డిస్కుల దగ్గర పెట్టవద్దు, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. ఉప్పుగాలి వల్ల డిస్కుకన్నా ముందు దెబ్బతినేది ప్లేయరు. నెలలకొద్దీ వాడకుండా మూల పెట్టకుండా, అప్పుడప్పుడూ ఒక గంట నడపండి.

హుద్‌హుద్ రోజులను మీ ఉత్తరంలో గుర్తుచేశారు. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటిన తరువాత నగరంలో కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ మళ్లీ దారిన పడటానికి రోజులు పట్టింది. అటువంటి సమయంలో సినిమా ముఖ్యం కాదు. కాని పిల్లలున్న ఇళ్లలో, ఇన్వర్టరు మీద ఒక గంటైనా వాళ్ల మనసును మళ్లించగలిగినవి ఇంట్లో ఉన్న డిస్కులు, ఫైళ్లు మాత్రమే అన్న మీ మాటతో మేము ఏకీభవిస్తున్నాము.

ప్రశ్న: ఓటీటీలో అద్దెకు కాకుండా, పూర్తి ధర చెల్లించి కొన్న సినిమాలు కూడా ఉన్నాయి. అవి డిస్కుతో సమానం కావా? (ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం)

జవాబు: కావు. మీరు కొన్నది చూసే అనుమతిని. ఆ అనుమతి అమ్మిన సంస్థకూ, హక్కుదారుకూ మధ్య ఉన్న ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి నడిపిన అల్ట్రావయొలెట్ అనే డిజిటల్ భాండాగారం 2019 జులై 31న మూతపడింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇటువంటి సరుకును అమ్మేవారు తాము ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని కొనుగోలుదారుకు స్పష్టంగా తెలపాలి. చట్టం తేవలసి వచ్చిందంటే ఎంతమంది పొరబడ్డారో ఊహించుకోవచ్చు.

ప్రశ్న: పెళ్లి వీడియోలన్నీ ఇప్పుడు 4కెలోనే తీస్తున్నాము. పదేళ్ల తరువాత కూడా చూసుకునేలా ఏదైనా డిస్కు మీద ఇవ్వమని కొందరు పెద్దవాళ్లు అడుగుతున్నారు. ఏది ఇవ్వాలి? (ఒక వీడియోగ్రాఫరు, పెందుర్తి)

జవాబు: అడిగిన పెద్దవాళ్లను అభినందించాలి. పెన్‌డ్రైవ్ మీద ఇచ్చిన పెళ్లి వీడియో ఎంతో కాలం నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో రికార్డింగు పొర అకర్బన పదార్థంతో, రెండో రకంలో సేంద్రియ రంగుతో తయారవుతుంది. రెండోదానిని పెట్టె మీద ఎల్‌టీహెచ్ అనే గుర్తుతో అమ్ముతారు. వెలుగుకు, వేడికి అది త్వరగా పాడవుతుంది కాబట్టి దానిని కొనవద్దు. మొదటి రకంలో 25 జీబీ డిస్కు మామూలు ముఖ్యాంశాల వీడియోకు సరిపోతుంది. పూర్తి ఫుటేజీ ఇవ్వాలంటే 100 జీబీ పట్టే బీడీఎక్స్ఎల్ డిస్కులున్నాయి, కాని వాటిని రాయడానికి బీడీఎక్స్ఎల్ అని రాసి ఉన్న డ్రైవు కావాలి.

సినిమా డిస్కులా మెనూలతో తయారుచేసే ప్రయాస పెట్టుకోవద్దు. వీడియోను మామూలు ఎంపీ4 ఫైలుగా డిస్కులో రాసి, అదే ఫైలును ఒక హార్డ్ డిస్కు మీద కూడా ఇవ్వండి. సోనీ ఖాళీ డిస్కుల నుంచి తప్పుకున్నా వెర్బాటిమ్ వంటి పేర్లతో అవి దొరుకుతున్నాయి. డిస్కులో రాసిన తరువాత ఫైలు మొత్తాన్ని తిరిగి చదివి సరిచూసే వెరిఫై అంచెను సమయం లేదని వదిలేయకండి. అయిదేళ్లకొకసారి ఆ ఫైలును కొత్త హార్డ్ డిస్కు మీదికి మార్చుకోమని ఆ కుటుంబంలో చిన్నవారికి చెప్పండి. డిస్కు ఒక్కదాని మీదే ఎవరినీ ఆధారపడనివ్వవద్దు.

ప్రశ్న: పాత తెలుగు సినిమాలను 4కె చేసి థియేటర్లలో మళ్లీ విడుదల చేస్తున్నారు. జగదాంబ సెంటరులో టిక్కెట్ల కోసం తోపులాట చూశాము. అంత కష్టపడి 4కె చేసినవాటిని డిస్కుల మీద ఎందుకు తేరు? (పలువురు పాఠకులు, డాబా గార్డెన్స్, ద్వారకానగర్, గోపాలపట్నం)

జవాబు: ఈ ప్రశ్న మమ్మల్నీ చాలాకాలంగా బాధిస్తోంది. 2022 నుంచి ఊపందుకున్న ఈ పునర్విడుదలల్లో 4కె అన్న మాట వెనుక మూడు రకాల పనులున్నాయి, పోస్టరు మీద మూడూ ఒకేలా కనబడతాయి. మొదటిది, అసలు నెగెటివును తీసి, శుభ్రం చేసి, ఫ్రేము ఫ్రేమూ 4కెలో స్కాను చేసి, గీతలు తొలగించి, రంగులు సరిదిద్దడం. 35 ఎంఎం నెగెటివులో 4కెకు సరిపడా వివరం ఉంటుంది కాబట్టి ఇది నిజమైన 4కె. రెండోది, నెగెటివు దొరకక థియేటరు ప్రింటును స్కాను చేయడం; ప్రింటు అనేక తరాల నకలు గనుక వివరం, నలుపులోని సూక్ష్మత అప్పటికే పోయి ఉంటాయి. మూడోది, ఎప్పుడో టీవీ కోసం చేసిన హెచ్‌డీ లేదా 2కె ఫైలును సాఫ్ట్‌వేరుతో సాగదీయడం. 2010 తరువాత డిజిటల్ కెమెరాలతో తీసి, గ్రాఫిక్సు, తుది ముద్రణ 2కెలో ముగించిన సినిమాలది కూడా ఇదే పరిస్థితి. వాటికి అంతకు మించిన మూలమే లేదు.

డిస్కు మీద ఈ తేడా దాగదు. థియేటరులో ఈలలు, చప్పట్ల మధ్య ఒకసారి చూసేవారికి పట్టనిది, ఇంట్లో ఆపి ఆపి చూసేవారికి పడుతుంది. అందుకే మొదటి రకం పనికే డిస్కు సార్థకం. అటువంటి పని మన దగ్గర జరగదనేమీ లేదు. చెన్నైలోని ప్రసాద్ సంస్థ డిజిటల్ పునరుద్ధరణలో దశాబ్దాలుగా పేరున్నది. 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం ఆధ్వర్యంలో దాదాపు 2,200 భారతీయ చిత్రాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలను 2022లో ప్రకటించారు. నెగెటివుల పరిస్థితి మాత్రం ఆగేది కాదు. ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు పులిసి వెనిగరు వాసన వేస్తూ, కుంచించుకుపోయి, చివరకు స్కానరు మీద పెట్టడానికే వీలులేకుండా తయారవుతుంది. మద్రాసు, హైదరాబాదు, విశాఖ వాతావరణాలు మూడూ దానికి శత్రువులే. డిస్కుల మార్కెట్టు ఎప్పుడు బాగుపడుతుందా అని చూస్తూ కూర్చుంటే, బాగుపడ్డ రోజున ఒత్తడానికి మూలమే మిగలదు.

ఇక వ్యాపారం. 4కె డిస్కుకు మాస్టరింగు, దొంగ నకళ్లను అడ్డుకునే ఏఏసీఎస్ లైసెన్సు, మూడు పొరల అచ్చు, ఇవన్నీ కొద్ది సంఖ్యలో చేస్తే ఒక్కో డిస్కు మీద భారంగా పడతాయి. నిర్మాతకు ఓటీటీ హక్కుల సొమ్ము ఒక్క సంతకంతో వస్తుంది. ఈ పరిస్థితిలో దుకాణాల్లో అమ్మే పద్ధతి తెలుగు డిస్కుకు పనికిరాదు. మన దగ్గర పుస్తకాలకు ముందస్తు చందాల సంప్రదాయం ఉంది. నిఘంటువులు, సంకలనాలు, కవుల సర్వస్వాలు ఆ పద్ధతిలోనే వెలుగు చూశాయి. ఒక పునరుద్ధరణ పూర్తయినప్పుడు, ఇన్ని వందల చందాలు చేరితే డిస్కు తెస్తామని నిర్మాత ప్రకటించి, చేరకపోతే డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. ప్రాంతాల అడ్డుగోడ లేనందువల్ల ఒకే డిస్కు విశాఖలోని అభిమానికి, డల్లాస్‌లోని అభిమానికి సరిపోతుంది. అమెరికాకు చెందిన క్రైటీరియన్ సంస్థ 2021లో 4కె డిస్కుల్లోకి వచ్చింది, కొద్దిమంది శ్రద్ధగల కొనుగోలుదారులను నమ్ముకునే. పాత చిత్రాలకు తోడుగా దర్శకుల సంభాషణలు, పునరుద్ధరణ జరిగిన తీరు, మంచి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఇస్తున్నది కాబట్టే ఆ కొనుగోలుదారులు దానితో నిలిచారు. తెలుగులో అటువంటి శ్రద్ధ చూపేవారు లేరని అనుకోవడానికి మాకు కారణం కనబడదు. పునర్విడుదల పోస్టరు మీద 4కె అని రాసేవారు, ఆ స్కాను నెగెటివు నుంచా, ప్రింటు నుంచా అన్నది కూడా రాయాలని పాఠకులు అడగాలి. థియేటరు వారికి, నిర్మాణ సంస్థకు ఉత్తరం రాయండి. ప్రతి ఉత్తరమూ ఒక చందాదారు ఉన్నట్టు వారికి తెలియజేస్తుంది.

ప్రశ్న: అమెరికాలోని మా అబ్బాయి ప్లేయరు తెస్తానంటున్నాడు. ఏమేమి చూసి తెమ్మనాలి? మా పాత తెలుగు డీవీడీలు దానిలో ఆడతాయా? (ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: మొదట వెనుక వైపున్న చీటీ మీద విద్యుత్తు వివరం చూడమనండి. 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే నేరుగా మన 230 వోల్టులకు పెట్టగానే కాలిపోతుంది, దానికి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. మీ టీవీ డాల్బీ విజన్‌ను చూపుతుందో, హెచ్‌డీఆర్10 ప్లస్‌ను చూపుతుందో కనుక్కుని, దానికి సరిపడే ప్లేయరు ఎంచుకోవాలి. ఏది ఉన్నా లేకపోయినా మామూలు హెచ్‌డీఆర్10 అన్నిటిలోనూ ఉంటుంది. టీవీలోను, మధ్యలో రిసీవరు ఉంటే దానిలోను హెచ్‌డీసీపీ 2.2 (దొంగ నకళ్లను అడ్డుకునే ఏర్పాటు) ఉన్న హెచ్‌డీఎంఐ ద్వారానికే కేబులు కలపాలి, లేకపోతే 4కె బొమ్మ రాదు. డీవీడీలు ఈ ప్లేయర్లలో ఆడతాయి గాని, అమెరికా యంత్రం డీవీడీలకు 1వ ప్రాంతానిది. మీ డీవీడీ పెట్టె వెనుక ఆల్ రీజియన్ అనో, సున్నా అనో ఉంటే ఇబ్బంది లేదు; 5 అని ఉన్నవాటి కోసం మీ పాత డీవీడీ ప్లేయరును పారేయకుండా ఉంచుకోండి.